ఏడేండ్ల లెక్క

ఏప్రిలు నెలలో ఇంటర్మీడియెటు ప్రథమ సంవత్సర ఫలితములు వెలువడినది మొదలు వేసవి సెలవులు ముగియువరకు, నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఏ పెండ్లిపందిరి క్రింద నలుగురు పెద్దలు కూడినను, ఆత్మకూరు దారిని పోవు ఏ బస్సులో ఇద్దరు పరిచితులు ప్రక్కప్రక్కన కూర్చుండినను, ఒక ప్రశ్న తప్పక పైకి వచ్చుచుండును: బై.పి.సి. చదువుచున్న పిల్లను ఉన్న కాలేజిలోనే రెండవ యేడు చదివించుటయా, నెల్లూరికి మార్చుటయా, లేక తెగించి విజయవాడకే పంపుటయా? “ఈడుంటే డాక్టరు సీటు వచ్చేది కల్లన్నా, తీసకపొయ్యి బెజవాడలో చేర్చెయ్” అని ఒకరందురు. “ఆడ చదివితే మన లోకలు పోద్ది, రెంటికీ చెడతాం” అని మరియొకరు వారింతురు. ఇరువురును హితమే కోరుదురు. ఇరువురి మాటలలోను సగము మాత్రమే నిజమున్నది.

ఉదయగిరి, సీతారామపురము, వరికుంటపాడు, దుత్తలూరు మండలములు వానమబ్బును నమ్ముకొన్న భూములు. పెన్నపై సోమశిల జలాశయము నిర్మింపబడిన పిమ్మట ఆత్మకూరు ప్రాంతపు పల్లెలకు కొంత తడి అబ్బినదిగాని, ఉదయగిరి దుర్గము నీడనున్న పల్లెలు నేటికిని బోరునీటికి ఎదురుచూచునవియే. ఆ నీటిలోని ఫ్లోరైడు పండ్లను ఎముకలను ఏమి చేయునో అచ్చటివారికి వైద్యగ్రంథములు చెప్పనక్కరలేదు. ఇట్టి సీమలో ఒక యింటినుండి వైద్యుడు బయలుదేరుట ఆ యింటికి మాత్రమే శుభము కాదు. కావుననే కాలేజి మార్పు విషయమున అరకొర మాటలు నమ్మి పిల్లల సంవత్సరములు పాడుచేసికొనుట చూచినప్పుడు మనసు కష్టపడును.

చదువుకొరకు ఊరు విడుచుట ఈ ప్రాంతమున క్రొత్త గాదు. నెల్లూరిలో వెంకటగిరి రాజా వారి ఉన్నత పాఠశాల 1920లో కళాశాల యైనది. కావలిలో జవహర్ భారతి 1951లో వెలసినది. వైద్యమే కోరినవారు మొదట మదరాసుకో, 1923లో ఏర్పడిన విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాలకో పోవలసియుండెను. తరువాత 1946లో గుంటూరు, 1960లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల కొంత దగ్గరైనవి. ఆ తరమువారు హైస్కూలు ఒకచోట, పి.యు.సి. ఒకచోట, వైద్యవిద్యకు ముందుమెట్టుగా నుండిన ప్రీ-ప్రొఫెషనల్ కోర్సు వేరొకచోట చదివి, ట్రంకుపెట్టె మోసికొనుచు మూడు పట్టణముల మెస్సుల రుచి చూచిన పిదప గాని శవచ్ఛేద శాలలో అడుగు పెట్టలేదు. 1969లో రెండేండ్ల ఇంటర్మీడియెటు ప్రవేశపెట్టబడిన పిమ్మట ఆ మెట్లు తగ్గినవి. నెల్లూరి పట్టణమునకు సొంత వైద్య కళాశాల 1999లో నారాయణ సంస్థ వలనను, ప్రభుత్వ కళాశాల 2014లో ఆనం చెంచుసుబ్బారెడ్డి గారి పేరిటను సిద్ధించినవి. పోవలసిన దూరము తగ్గినదిగాని, పోవుటకు కావలసిన కాగితములు మాత్రము పెరిగినవి.

అమెరికాలో స్థిరపడిన మన జిల్లావారి పిల్లలకు ఈ చిక్కు మరియొక రూపమున నెదురగును. అచ్చట నాలుగేండ్ల డిగ్రీ ముగిసిన పిమ్మట గాని వైద్య కళాశాల తలుపు తెరువదు. జీవశాస్త్రము, సామాన్య రసాయనము, కర్బన రసాయనము, భౌతికశాస్త్రములను ప్రయోగశాలతో సహా చదివి, ఎంక్యాట్ అను పరీక్ష వ్రాయవలెను. ఖర్చు కలిసివచ్చునని మొదటి రెండేండ్లు కమ్యూనిటీ కాలేజిలో చదివి విశ్వవిద్యాలయమునకు మారువారు అచ్చట అనేకులు. మారినంత మాత్రమున మొదటి కాలేజి మార్కులు మాసిపోవు: వైద్యవిద్యకు దరఖాస్తు పెట్టునాడు చదివిన ప్రతి కాలేజినుండియు మార్కుల పట్టిక పంపవలెను, తప్పి మరల చదివిన పేపరుకు రెండు గ్రేడులును లెక్కకు వచ్చును. మనదేశమున ఇంటరు మార్కులు వైద్య ప్రవేశపరీక్ష యగు నీట్ ర్యాంకులో చేరవు. భౌతిక, రసాయన, జీవ శాస్త్రములలోను ఇంగ్లీషులోను విడివిడిగా ఉత్తీర్ణుడై, ఆ మూడు శాస్త్రములలో కలిపి నూటికి 50, వెనుకబడిన తరగతులవారును షెడ్యూల్డు కులముల, తెగలవారును 40 తెచ్చుకొన్నచో అర్హత కుదిరినట్లే. అందుచేతనే “ఇంటరు మార్కుల కేమున్నదిలే” యను ధీమా కలుగుచున్నది. మార్కులు చేరకున్నను పాఠములు చేరును గనుక, ఆ ధీమాయే కాలేజి మారు పిల్లలకు కీడు చేయుచున్నది.

నీట్ పరీక్షలో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందు సగము, అనగా 90 ప్రశ్నలు, జీవశాస్త్రమువే. ఒప్పునకు 4 మార్కులు వచ్చును, తప్పునకు 1 పోవును. ఈ ప్రశ్నలు పదునొకండవ, పండ్రెండవ తరగతుల ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకముల ననుసరించి వచ్చును. మన ఇంటర్మీడియెటు బోర్డు పుస్తకములును దాదాపు ఆ పాఠములనే చెప్పుచుండెనుగాని, చాలకాలము వరుస వేరుగ నుండెను. మనుష్యుని రక్తప్రసరణము, విసర్జనము, నాడీవ్యవస్థ మున్నగు పాఠములు కేంద్ర పాఠ్యక్రమమున పదునొకండవ తరగతిలో నుండగా, మన తెలుగు అకాడమి పుస్తకమున రెండవ యేటి జంతుశాస్త్రములో నుండెడివి. జీవావరణశాస్త్రము అచ్చట పండ్రెండవ తరగతి పాఠము కాగా ఇచ్చట మొదటి యేటనే ముగిసెడిది. వృక్షశాస్త్రమును ఇంతియే: కిరణజన్య సంయోగక్రియ వారికి మొదటి యేడు, మనకు రెండవ యేడు, పూల మొక్కల ప్రత్యుత్పత్తి మనకు మొదటి యేడు, వారికి రెండవ యేడు. కావున మన పద్ధతిలో మొదటి యేడు చదివి, కేంద్ర పద్ధతి ననుసరించు తరగతిలో రెండవ యేడు కూర్చుండిన బాలునికి జీవావరణము రెండుమార్లు వినిపించి, మూత్రపిండము ఒక్కమారైనను వినబడదు. వైద్యుడు కాగోరు పిల్లవానికి మూత్రపిండము తెలియకుండ రెండేండ్లు గడచుటకన్న విపరీత మేమున్నది!

2025-26 విద్యాసంవత్సరమునుండి బోర్డు మొదటి యేటికి ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యక్రమమును స్వీకరించి, వృక్ష జంతు శాస్త్రముల రెండు పత్రములను జీవశాస్త్రమను ఒక్క పత్రముగా కలిపినది. వరుస కుదిరినది కనుక చిక్కు తీరినదని భావింపరాదు. పెద్ద కాలేజీలు బోర్డు వరుసను పాటింపక తమ వరుసనే నడచుచుండును. మొదటి యేటి పాఠములు దసరా దాటిన కొలది మాసములకే ముగించి, సంక్రాంతి పిమ్మట రెండవ యేటి విద్యుత్తు పాఠములలోనికి దుముకు కాలేజి ఒకటి, మొదటి యేడంతయు మొదటి యేటి పాఠముతోనే నింపు కాలేజి మరియొకటి. నెమ్మదిగా నడచు కాలేజినుండి పరుగులు తీయు కాలేజికి జూనులో చేరిన పిల్లకు, తన తోడివారు ఎప్పుడో దాటిపోయిన పాఠముల జాబితా చేత బట్టి సెలవు దినములలో ఒంటరిగ చదువుకొనుట తప్పదు. క్రొత్త కాలేజిలో ఫీజు మాట్లాడుటకు పోవు తండ్రి, భోజనము హాస్టలు విచారించుటకు ముందు, “మావాడు చేరేనాటికి మీరు ఏ ఏ పాఠాలు ముగించి ఉంటారు?” అని యడిగి, ఆ పాఠముల పేర్లు కాగితముపై వ్రాయించుకొనుట మేలు. ఈ ప్రశ్నకు తిన్నగ జవాబు చెప్పలేని కాలేజి ఎంత పెద్దదైనను నమ్మదగినది కాదని నా యభిప్రాయము.

ప్రయోగముల మాట కొంత చెప్పవలసియున్నది. ప్రయోగపరీక్షలు రెండవ యేటనే జరుగును గనుక, కోచింగు వేడిలో వానిని పట్టించుకొనువారు తక్కువ. వృక్షశాస్త్ర ప్రయోగమున సొలనేసీ కుటుంబమును గూర్చి వ్రాయుటకు ఉమ్మెత్తపువ్వు వంటిది చేతికిత్తురు. ఉదయగిరి దారులలో గట్టు పొడుగునను పెరుగు మొక్క యది. గరాటు వలె అయిదు ఆకర్షణపత్రములు కలిసిపోయిన ఆ తెల్లని పువ్వును బ్లేడుతో నిలువున చీల్చినచో, అయిదు కేసరములు పత్రములకే అంటుకొని యుండుట కనబడును. అండాశయమును అడ్డముగ కోసి కటకము క్రింద నుంచినచో ఉబ్బిన అండన్యాసస్థానము, దానిపై ముసురుకొన్న అండములు కనబడును. ఒక్కమారు చేతితో కోసి చూచినదానిని పిల్ల జన్మలో మరువదు. నీట్ పత్రములో ఆ పువ్వు గూర్చి ప్రశ్న వచ్చినప్పుడు కలమునకు తడబాటుండదు. ప్రభుత్వ జూనియరు కాలేజీలో ఓపికగల అధ్యాపకుడున్నచో ఈ భాగ్యము ఆత్మకూరులోనే దొరకును. అద్దాల భవనములలో దొరకునని హామీ లేదు. మారు విద్యార్థి తన రికార్డు పుస్తకమును, చేసిన ప్రయోగములపై అధ్యాపకుని సంతకముతో, వెంట తీసికొనిపోవలెను.

భాష విషయమున చిన్న మెలిక యొకటి కలదు. మన ప్రభుత్వ కాలేజీలలో ద్వితీయభాష తెలుగు. చాల ప్రైవేటు కాలేజీలలో మార్కులకై సంస్కృతము. మొదటి యేడు తెలుగు వ్రాసి రెండవ యేడు సంస్కృతమునకు మారువారు మొదటి యేటి సంస్కృత పత్రమును గూడ వ్రాయవలసియుండును. నీట్‌కు కూర్చొనవలసిన వేసవి ముందట ఈ అదనపు బరువెందుకు? తెలుగుతోనే కొనసాగనిచ్చుదురా యని ముందే అడుగుట మేలు. నీట్ ప్రశ్నపత్రము తెలుగులోను లభించునుగాని, అనువాదమున సందేహము కలిగినచో ఇంగ్లీషు పాఠమే ప్రమాణము.

ఇక అందరు భయపడు లోకలు మాట.

1973లో రాజ్యాంగమున 371-డి అధికరణము చేర్చబడినది. దాని ననుసరించి 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడినది. ఆ యుత్తర్వు చొప్పున నెల్లూరు, చిత్తూరు, కడప, అనంతపురము, కర్నూలు అను పూర్వపు జిల్లాలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతమునకును, ప్రకాశము మొదలు శ్రీకాకుళము వరకు గల కోస్తా జిల్లాలు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతమునకును చెందినవి. సీట్లలో నూటికి 85 ఆయా ప్రాంతపు స్థానికులకు ప్రత్యేకింపబడినవి. స్థానికుడెవడు? ఇంటరు పరీక్ష మొదటిసారి వ్రాసిన సంవత్సరముతో ముగియునట్లు వరుసగా నాలుగేండ్లు ఆ ప్రాంతమున చదివినవాడు. అట్లు నాలుగేండ్లు ఒక్కచోట కుదరనివానికి, అదే సంవత్సరముతో ముగియు ఏడేండ్లను లెక్కించి, అందు ఎక్కువ యేండ్లు ఎచ్చట చదివెనో ఆ ప్రాంతమునకు స్థానికునిగా పరిగణింతురు. ఇంత సూటియైన నియమము చుట్టు ఇన్ని పుకార్లు అల్లుకొనుట విచిత్రము.

ఆరవ తరగతినుండి పది వరకు ఆత్మకూరులో చదివి, ఇంటరు రెండేండ్లు విజయవాడలో చదివిన పిల్లను చూతము. చివరి నాలుగేండ్లు ఒక్క ప్రాంతమున లేవు గనుక ఏడేండ్ల లెక్కకు పోవలెను. అయిదేండ్లు ఇచ్చట, రెండేండ్లు అచ్చట. ఆ పిల్ల వేంకటేశ్వర ప్రాంతపు స్థానికురాలే. పదవ తరగతి సైతము విజయవాడలో చదివినను ఇచ్చట నాలుగు, అచ్చట మూడు; అప్పుడును స్థానికత చెదరదు. కాని, ఎనిమిది ముగియగనే “ఫౌండేషను” పేరిట తొమ్మిదినుండి అక్కడి హాస్టలులో చేర్చినచో, తొమ్మిది, పది, ఇంటరు రెండేండ్లు కలిసి నాలుగేండ్లు నిండును; ఆ పిల్ల ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతమునకు మారిపోవును. అనగా, ఇంటరుకు పంపినచో లోకలు పోవునని వణకువారి భయము నిరాధారము. ఎనిమిదవ తరగతి పిల్లను ఆలోచింపక పంపు వారి నిర్భయత్వమే ప్రమాదము. ఏ ప్రాంతమున సీటు సులభమో యేటేట మారుచుండును గనుక అట్లు మారుట కీడే యని నేననను. తెలియక మారుట తగదందును.

ఉదయగిరివారికి మరియొక విశేషము. ఉత్తరమున పామూరు వారికి నెల్లూరికన్న ఎంతో చేరువ. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడువరకు అదియు నెల్లూరు జిల్లాలోనిదే. ఆనాటి సరిహద్దు గీత వలన పామూరు బడి ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతమున పడినది. పడమట కొండలు దాటి బద్వేలు పోయినచో కడప జిల్లా గనుక మన ప్రాంతమే. మేనమామ ఇంట నుంచి చదివించు తల్లులు ఈ సంగతి ఎరుగుట అవసరము. ఇంటరు ముగిసిన పిమ్మట లాంగ్‌టర్ము కోచింగునకై ఒక యేడు ఎచ్చటికి పోయినను స్థానికతకు సంబంధము లేదు. ఇంటరు మొదటిసారి వ్రాసిన యేటితోనే లెక్క ముగిసినది.

హైదరాబాదు మాట వేరు. వైద్య ప్రవేశములకు చివరి నాలుగేండ్లును తమ రాష్ట్రముననే చదివియుండవలెనని తెలంగాణ ప్రభుత్వము 2024లో సవరించిన నియమమును 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించినది. కావున ఇంటరు రెండేండ్లు మాత్రము హైదరాబాదులో చదివిన ఉదయగిరి పిల్లవాడు అచ్చట స్థానికుడు కాడు. ఇచ్చటి ఏడేండ్ల లెక్కలో రెండేండ్లు రాష్ట్రము వెలుపల పడును. ఆ దారి త్రొక్కువారు విజయవాడలోని ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయము ఆ యేడు ప్రకటించు ప్రవేశ నియమావళిని స్వయముగ చదివి గాని అడుగు వేయరాదు.

లెక్క ఎంత సరిగా నున్నను కాగితము లేనిదే చెల్లదు. ప్రవేశసమయమున ఆరవ తరగతినుండి ఇంటరు వరకు స్టడీ సర్టిఫికెట్లు అడుగుదురు. అరపేజీ కాగితము: అడ్మిషను నెంబరు, తరగతి, ఏ యేటినుండి ఏ యేటి వరకు, చివర ప్రధానోపాధ్యాయుని సంతకము, ఊదారంగు ముద్ర. ఈ అరపేజీ కొరకు జూలై, ఆగస్టులలో పరుగులెత్తువారి పాట్లు చెప్పనలవి కాదు. ఆరవ తరగతి చదివిన చిన్న ప్రైవేటు బడి మూతబడియుండును, ప్రధానోపాధ్యాయుడు బదిలీయై పోయియుండును, పదవ తరగతి మెమోలో ఇంటిపేరు ఒక విధముగను ఈ సర్టిఫికెటులో మరియొక విధముగను ఉండును. పేరొకచోట నమోదు చేయించి చదువు వేరొకచోట సాగించు పద్ధతి నేడు ప్రబలియున్నది; నాకది నచ్చదు. నచ్చినవారైనను, కాగితములో ఏ ఊరు వ్రాయబడునో లెక్కకు ఆ ఊరే వచ్చునని మరువరాదు. బాకీ ఉన్నదని టి.సి. ఆపు కాలేజీలును లేకపోలేదు. ఫీజు రసీదులు ప్రతిదియు దాచుకొనుట ఉత్తమము.

ఎం.పి.సి.లో చేరి మనసు మార్చుకొన్నవారి కొక్క మాట. పూర్వము వారికి దారి మూసుకొనియుండెను. ఇంటరు ఉత్తీర్ణులైన పిమ్మట జీవశాస్త్రమును అదనపు సబ్జెక్టుగ వ్రాసినవారును నీట్‌కు అర్హులని జాతీయ వైద్య కమిషను 2023 నవంబరులో ప్రకటించినది. సీటు రానివారికి వ్యవసాయ విద్య యున్నది. ఉదయగిరిలోనే వ్యవసాయ కళాశాల యున్నది. ఆ ప్రవేశములకు ఎప్‌సెట్ వ్రాయవలెను గనుక బై.పి.సి. చదువు ఏ దారిని పోయినను వృథా కాదు.

ఎప్పుడు మారవలెనని నన్నడిగినచో, పది ముగిసినప్పుడు మారుట మేలందును. రెండేండ్లు ఒక్క కాలేజి, ఒక్క పాఠ్యక్రమము, ఒక్క రికార్డు పుస్తకము. ఉన్నచోట భౌతికశాస్త్రము చెప్పువారు కరవై యేడంతయు ఖాళీ పీరియడ్లతో గడచినచో, మొదటి యేటి చివర మారక తప్పదు. అట్టిచో బోర్డు అనుమతి గడువు, నూటికి 75 హాజరు, మిగిలిన పాఠముల జాబితా మూడును చేతనుంచుకొని మారవలెను. రెండవ యేటి నడుమ, దసరాకో సంక్రాంతికో, ఇరుగుపొరుగువారి పిల్లకు మార్కులు వచ్చినవని మార్చుట మాత్రము ఎన్నడును తగదు.

ఈ వేసవిలో మార్పు నిశ్చయించుకొన్న తల్లిదండ్రులు క్రొత్త కాలేజి గడప త్రొక్కుటకు ముందు, బడులకు సెలవులిచ్చు లోపల, పిల్ల చదివిన హైస్కూలుకు పోయి ఆరునుండి పది వరకు స్టడీ సర్టిఫికెట్లు తీసికొని, పేర్లు, తేదీలు సరిచూచుకొని, నకళ్లు వేరుగ భద్రపరచుకొందురు గాక.